ఎవరి బొమ్మ వాళ్ళది

కృపావతి ఆళ్లగడ్డ బోర్డు ఆడపిల్లల బడిలో చేరిన రోజు, హెడ్‌మాస్టరు పార్థసారథి ఆమెను వెంటబెట్టుకుని పోయి డ్రాయింగ్ గది తాళం తీశాడు. గది అనడమే గానీ అది బడి వెనకాల పత్తి నిలవ చేసుకునేందుకు ఎవరో కట్టించి, అక్కర తీరినాక బోర్డుకు అప్పజెప్పిన పొడుగాటి కొట్టం. లోపల బెంచీలు నాలుగు వరసల్లో ఉన్నాయి. వాటికెదురుగా కొయ్యకాళ్ళ మీద నల్లబల్ల. ఆ బల్ల నడిమధ్య తెల్ల రంగుతో వేసిన తామరపువ్వు, కాడ, రెండు ఆకులు.

"మీకు ముందున్న అయ్యవారు వేసిపోయినాడమ్మా. సుద్ద కాదు, రంగు. చెరగదు. మీకు రోజూ వేసే శ్రమ లేదు" అన్నాడు పార్థసారథి, ఆమెకేదో మేలు చేసినట్టు.

ఆయన అహోబిలం వైపు మనిషి. మడీ మర్యాదా తెలిసినవాడు, ఎవరినీ గట్టిగా మాట అనేవాడు కాదు. బడి గంట ఒక్క నిమిషం ఆలస్యమైతే మాత్రం నిద్రపట్టదు. ఆయన మాటకు తలూపి, కృపావతి ఆ తామరపువ్వును చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఆమెకు ఆ పువ్వు కొత్త కాదు. నంద్యాలలో మిషను బడిలో మూడేళ్ళు పిల్లలచేత అదే గీయించింది. పోయిన వేసవిలో ఏడాది కాగితాలన్నీ సర్దుతుంటే, వానకు తడిసి పేర్లు కలిసిపోయిన కట్ట ఒకటి దొరికింది. మూడు వందల పువ్వులు. ఏది ఎవరిదో పోల్చుకుందామని ఒక పూటంతా కూర్చుంది. ఒక్కటంటే ఒక్కటి కూడా పోల్చుకోలేకపోయింది. ఏడాది పొడుగునా తన ఎదురుగా కూర్చున్న పిల్లలు! మద్రాసులో డ్రాయింగ్ పరీక్ష పాసై వచ్చిన తనకు, ఏ బొమ్మ ఏ బిడ్డదో తెలియలేదు. ఆ రోజు మనసులో పడిన ముల్లు ఆళ్లగడ్డ దాకా వచ్చింది. ఈ బడిలో అట్లా జరగనివ్వకూడదని అనుకునే బస్సెక్కింది.

ముందు నల్లబల్లను గోడవైపుకు తిప్పేసింది. తర్వాత బెంచీల వరసలు విప్పి, రెండేసి ఎదురెదురుగా వేసి, నడుమ నడిచేందుకు దారి వదిలింది. బంట్రోతు సాయం పట్టాడు గానీ, "పిల్లోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకుంటా కూచుంటే సదువు యాడ వస్తాదమ్మా" అని గొణుగుతూనే ఉన్నాడు.

అది పంతొమ్మిది వందల నలభై నాలుగు. యుద్ధం మూలంగా కాగితం దొరకడం లేదు. బడికి ఏడాదికి ఇచ్చే కాగితాలు ఒక తరగతికి రెండు నెలలకు కూడా చాలవు. రంగుల పెట్టెల మాట ఎత్తితే పార్థసారథి నవ్వాడు. ఏడో తరగతిలో ఓబులమ్మ అనే పిల్ల ఉంది. వాళ్ళ నాయన రాతిపని చేస్తాడు. కృపావతి వాళ్ళింటికి పోయి, విరిగిన నాపరాళ్ళు ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

"విరిగినేటివి ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడతను.

"బొమ్మలేస్తారు పిల్లోళ్ళు. ఒకరోజు వేసి, కడిగేసి, మళ్ళీ వేసుకుంటారు."

అతను ఉలి పక్కన పెట్టి ఆమె ముఖం చూశాడు. మూడోరోజు బండి నిండా నల్లటి బండలు వచ్చాయి. అంచులు చేతికి గీసుకోకుండా అరగదీసి మరీ పంపాడు. బొగ్గు, సుద్ద, సున్నం, ఎర్రమట్టి, పసుపు, నీలిమందు, తుమ్మజిగురు - ఇవన్నీ కృపావతి తనే పోగుచేసింది. ఈతపుల్లల కొసలు దంచి కుంచెలు చేసింది. చెరువుమట్టి తెచ్చి నానబెట్టింది. అన్నిటినీ పిల్లల చేతికందే ఎత్తులో, గోడ పొడుగునా పరచిన చెక్కపలకల మీద పెట్టింది.

మొదటిరోజు ఏడో తరగతి పిల్లలు ముప్పైనాలుగు మంది వచ్చి కూర్చున్నారు.

"ఈడున్నవన్నీ మీవే. మీకేం గీయాలనుంటే అది గీయండి" అంది కృపావతి.

ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఒకరి తర్వాత ఒకరు లేచి, సుద్దముక్కలు తెచ్చుకుని, బండలు ముందేసుకుని వంగారు. గంట కొట్టేసరికి ముప్పైనాలుగు బండల మీద ముప్పైనాలుగు తామరపువ్వులు. బల్ల గోడవైపుకు తిరిగి ఉన్నా, పిల్లల చేతులకు అది కంఠతా వచ్చేసింది.

కృపావతి ఆ సాయంత్రం ఇల్లు చేరినాక అన్నం తినలేదు. నేరం పిల్లలది కాదని తెలుసు. ఏది కావాలో అడిగేవాళ్ళు లేనప్పుడు, ఏది కావాలో తెలిసేదెట్లా? మరునాడు ఆమె అడగడం మార్చింది. "పొద్దున బడికి వస్తాంటే దారిలో ఏం చూసినారు?" అంది. ఒక పిల్ల బండి చక్రం ఊడిందన్నది. ఇంకొక పిల్ల, మా అవ్వ కోడిని పట్టుకోను ఉరికి కిందపడింది అన్నది. అందరూ నవ్వారు. "అదే గీయి" అంది కృపావతి. ఆ పిల్ల అవ్వకంటే కోడిని పెద్దది చేసి గీసింది. ఆ రోజు పువ్వులు పన్నెండుకు తగ్గాయి.

రెండోవారానికి ఇంకొక తంటా. పిల్లలకు భయం పోయింది, దాంతో పాటు కుదురూ పోయింది. ఎర్రమట్టి గిన్నె కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. నీలిమందు నీళ్ళు ఒలికి గోడ సగం దాకా పాకింది. పరికిణీల మీద పసుపు, జడల్లో సున్నం. పక్క తరగతి అయ్యవారు తలుపు దగ్గరకొచ్చి, "ఇది బడా, బజారా?" అని అడిగి పోయాడు. సాయంత్రం పార్థసారథి పిలిపించాడు.

"కృపావతమ్మా, బెంచీలు వరసగా వేసి, బల్ల ఇటు తిప్పితే అన్నీ సర్దుకుంటాయి. మీరు కొత్త. నేనేమీ అనుకోను."

"పదిరోజులు ఇయ్యండి సార్."

"పదిరోజుల్లో ఏమవుతుంది?"

"నాకూ తెలీదు సార్. అయినా ఇయ్యండి."

మరునాడు ఆమె రంగులేవీ బయట పెట్టలేదు. పిల్లలందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి తనూ వాళ్ళలో కూర్చుంది. "పెద్దయ్యవారు ఈ గది మూయమంటాండారు. మూయకుండా ఉండాలంటే ఏం చేస్తాం?" అని అడిగింది.

చాలాసేపు కీచులాట జరిగింది. చివరికి ఓబులమ్మ లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మాట పుల్ల విరిచినట్టుంటుంది. "తీసినోళ్ళే మళ్ళా పెట్టల్ల. మా నాయన కాడ అంతే. ఉలి యాడ తీస్తే ఆడ పెట్టకుంటే తంతాడు."

తన్నడం మాత్రం వద్దని అందరూ ఒప్పుకున్నారు. ఒక్కొక్క సామానుకు ఒక్కొక్కరు కాపు అన్నారు: మట్టికి ఒకరు, నీళ్ళకు ఒకరు, కుంచెలు కడగను ఇద్దరు. వంతులు వారం వారం మారతాయి. ఓబులమ్మే ఒక పెద్ద బండ మీద గళ్ళు గీసి, పేర్లు రాసి, తలుపు పక్కన నిలబెట్టింది. గంటకు ముందు కాసేపు అందరూ లేచి తిరిగి ఒకరి బొమ్మలు ఒకరు చూడాల. చూసినవాళ్ళు బాగుంది, బాగాలేదు అనకూడదు, ఏం కనిపించిందో అది చెప్పాల. ఈ కడపటిది కృపావతి చెప్పింది. మిగిలినవన్నీ వాళ్ళవే.

నీళ్ళ వంతు దగ్గర చిక్కొచ్చింది. పుండరీకవల్లి అహోబిలంలో గుడి కైంకర్యం చేసే ఇంటి పిల్ల. చదువుకోసం మేనమామ ఇంట ఉంటోంది. ఆ పిల్ల తన చెంబుతో తన నీళ్ళు తనే తెచ్చుకునేది. ఎందుకో కృపావతికి ఎవరూ చెప్పనక్కరలేదు. నంద్యాలలో, పాణ్యంలో, గడివేములలో, తను పోయిన ప్రతి ఊళ్ళోనూ అది చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఆమె ఏమీ అనలేదు. వంతుల బండ మీద మాత్రం అందరి పేర్లూ ఉన్నాయి.

ఓబులమ్మకు నీళ్ళ వంతు వచ్చిన వారం, పుండరీకవల్లి నీలిమందు నూరుకుని, ఎండిన గిన్నె పట్టుకుని నిలబడింది. ఆ రోజు చెంబు మరిచిపోయింది. ఓబులమ్మ కడవ చంకనెత్తుకుని ఎదురుగా నిలబడింది. పోయనూ లేదు, పక్కకూ పోలేదు. కృపావతి చూస్తూనే తన పని చేసుకుంటోంది. ఒక్క మాట అంటే అయిపోతుంది, ఆ మాట తనదవుతుంది. అందుకే అనలేదు.

"పొయ్యి" అని పుండరీకవల్లి గిన్నె ముందుకు చాచింది. "ఇంటికి పోయి ఎట్లాగూ తానం చేసేదే గదా."

ఓబులమ్మ పోసింది. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పుండరీకవల్లి ఎర్రమట్టిలో మోచేతుల దాకా ముంచుకుని, మేనమామ ఇంటి పెరటి గోడకు పాకిన కాకరతీగను బండ మీద ఆకు ఆకుగా నెల రోజులు గీసింది.

పదిరోజులు నెలలయ్యాయి. పార్థసారథి అప్పుడప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి పోయేవాడు. గది మూయమనలేదు, బాగుందని కూడా అనలేదు.

దీపావళి వెళ్ళినాక కృపావతే ఒక తప్పు చేసింది. ఓబులమ్మ బండ మీద బొగ్గుతో, సున్నంతో ఎద్దును గీస్తోంది. మూపురం, గంగడోలు, తోక అన్నీ కుదిరాయి. కాళ్ళు మాత్రం ఆరు. కృపావతి వెనకనుంచి వంగి, తడిగుడ్డతో రెండు కాళ్ళు తుడిచి, బొగ్గు తీసుకుని మిగిలిన నాలుగింటినీ సరిగ్గా, మద్రాసులో నేర్చుకున్నట్టు గీసి ఇచ్చింది. అంతా ఒక్క నిమిషంలో అయిపోయింది.

"అది నడస్తాండాది టీచరమ్మా" అంది ఓబులమ్మ. "నడిచేటప్పుడు అన్ని కనపడతాయి."

ఆ తర్వాత గుడ్డ తీసుకుని మొత్తం ఎద్దును తుడిచేసింది. బండ కడిగి, తీసిన చోటే పెట్టింది.

ఆనాటినుంచి ఓబులమ్మ బొమ్మ వేయలేదు. క్లాసుకు రావడం మానలేదు. నీళ్ళు మోసేది, మట్టి పిసికేది, కుంచెలు కడిగేది. బండ మాత్రం ముందేసుకోదు. కృపావతి ఒకటి రెండుసార్లు బుజ్జగించి చూసింది. "పని ఉండాది" అనేది. మూడు వారాలు గడిచాయి. కృపావతికి తన చేతులను చూస్తే తనకే కోపమొచ్చేది. ఏ బొమ్మ ఎవరిదో పోల్చుకోవాలని బయలుదేరి, తనే పోయి ఒక పిల్ల బొమ్మను తన బొమ్మ చేసేసింది.

ఒక శుక్రవారం పిల్లలు గుండ్రంగా కూర్చున్నప్పుడు ఆమె అందరి ముందూ చెప్పింది. "ఓబులమ్మ ఎద్దును నేను చెడిపినా. అడక్కుండా చెయ్యి పెట్టినా. నాది తప్పు."

పిల్లలు బిత్తరపోయారు. అయ్యవార్లు తప్పన్నది వాళ్ళు ఎన్నడూ విన్నది కాదు. ఓబులమ్మ తల వంచుకుని నేల మీద గోటితో గీస్తోంది.

"మళ్ళా గీస్తావా?"

"మీరు ముట్టుకోకుంటే గీస్తా."

"ముట్టుకోను."

"అయితే రాయండి మరి" అంది ఓబులమ్మ, వంతుల బండ చూపించి.

కృపావతి లేచింది గానీ సుద్ద ఆమె చేతికి రాలేదు. పుండరీకవల్లి ముందే దాన్ని తీసుకుపోయి, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: ఒకరి బొమ్మ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. కాస్త ఆలోచించి కింద చేర్చింది: టీచరమ్మ కూడా.

ఫిబ్రవరిలో కర్నూలునుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కాగితం వచ్చింది. బుధవారం తనిఖీ. పార్థసారథి కృపావతిని పిలిచి కూర్చోమన్నాడు. ఆయన అట్లా కూర్చోమనడం అదే మొదలు.

"ఎనిమిది నెలలు నేను అడ్డం రాలేదు. అవునా?"

"అవును సార్."

"ఆ ఒక్కరోజు బెంచీలు వరసగా వేయండి. తామరపువ్వు గీయించండి. ఆయన పోయినాక మీ ఇష్టం."

"ఒక్కరోజు అబద్ధం ఆడమంటారా సార్, పిల్లల్ని?"

"అబద్ధమేముంది? సిలబస్సులో ఉన్నది అదే."

"పువ్వు గీయమంటే గీస్తారు. బెంచీలు మాత్రం కదిలించను సార్. ఆయన అడిగితే నేనే జవాబు చెప్పుకుంటా. మీ మీదికి రానియ్యను."

పార్థసారథి తనిఖీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు మొండివారమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు.

శనివారం మధ్యాహ్నం ఆమె నంద్యాల పోయింది. నాయన ప్రభుదాసుకు జ్వరమని కబురొచ్చింది. సోమవారం తెల్లారగానే తిరుగు బస్సెక్కింది. పెట్రోలు దొరకని రోజులు. బస్సు వెనక బొగ్గుల పొయ్యి తగిలించి, ఆ పొగతో నడిపేవాళ్ళు. శిరివెళ్ళ దాటినాక పొయ్యి ఆరిపోయింది. డ్రైవరు గంటసేపు ఊది, మసి పూసుకున్న ముఖంతో చేతులెత్తేశాడు. కృపావతి చెప్పులు చేత పట్టుకుని నడిచింది. రెండు మైళ్ళు పోయినాక పత్తి బండి ఒకటి ఎక్కించుకుంది. బడి గేటు దగ్గర దిగేసరికి పదకొండు దాటింది. ఆమె క్లాసు పదిన్నరకే మొదలైపోయింది.

బంట్రోతు ఎదురొచ్చాడు. "ఇన్‌స్పెక్టరు ఈపొద్దే వచ్చినాడమ్మా. మీ గదిలోనే ఉండాడు, బేగా పోండి."

ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయింది. నల్లబల్ల ఇటు తిరిగి ఉంది, తామరపువ్వు కనిపిస్తోంది. పార్థసారథే తిప్పి ఉంటాడు. ఆయన గోడవారగా నిలబడి కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. ముందు బెంచీ మీద ముప్పైనాలుగు కాగితాలు ఒద్దికగా పేర్చి ఉన్నాయి, పైదాని మీద తామరపువ్వు. పిల్లలు మాత్రం పువ్వు దగ్గర లేరు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఒక పిల్ల మట్టి పిసుకుతోంది, ఇద్దరు కుంచెలు పంచుతున్నారు. ముగ్గురు ఒకే పెద్ద బండ మీద మూడు మూలలనుంచి పశువుల సంత గీసుకొస్తున్నారు. ఇన్‌స్పెక్టరు, యాభై ఏళ్ళ మనిషి, కోటు తీసి మోకాళ్ళ మీద వేసుకుని, పిల్లల పొట్టి బెంచీ మీద ఓబులమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు.

"పువ్వు అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు గీస్తున్నారు?" అని అడుగుతున్నాడు.

"అది మీకోసరం సార్. ఇది మాది" అంది ఓబులమ్మ తలెత్తకుండా.

పార్థసారథి కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు లేచి వంతుల బండ దగ్గరకు పోయి, కళ్ళద్దాలు సర్దుకుని, పైనుంచి కిందిదాకా చదివాడు. చివరి మాట దగ్గర కాసేపు ఆగాడు. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ కృపావతిని చూశాడు. కాళ్ళకు దుమ్ము, చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"మీరేనా టీచరు?"

"నేనే సార్. బస్సు ఆగిపోయింది. ఆలస్యమైంది, మన్నించండి."

"మీరు లేకపోయినా క్లాసు నడుస్తోంది. మరి మీరు చేసే పనేమిటి?"

కృపావతి చెప్పులు కింద పెట్టింది. "వాళ్ళకు కావలసినవి చేతికందేటట్టు పెడతాను సార్. అడిగితే ఎట్లాగో చూపిస్తాను, నా బండ మీద, వాళ్ళ బండ మీద కాదు. మిగతా సేపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. దానికే నాకు ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది."

ఆయన నవ్వలేదు. "పరీక్షలో కోడి రాదు, సంత రాదు. తామరపువ్వే వస్తుంది. ఈ పిల్లలు తప్పితే ఎవరి బాధ్యత?"

"నాదే సార్. ఆ కట్ట చూడండి. ఎంతసేపట్లో గీసినారో పెద్దయ్యవారినే అడగండి."

"పది నిమిషాలు" అన్నాడు పార్థసారథి. ముందు మెల్లగా, తర్వాత గట్టిగానే అన్నాడు. "పది నిమిషాల్లో గీసి, సర్ది, లేచినారండి. లేవమని నేను చెప్పలేదు. నేను వద్దన్నాను కూడా."

ఇన్‌స్పెక్టరు కట్ట విప్పి ఒక్కొక్కటే చూశాడు. కొన్ని పువ్వులు వంకరగా ఉన్నాయి. కొన్ని బాగున్నాయి. ఏ రెండూ ఒకటిగా లేవు. చూడడానికి నల్లబల్ల మీది పువ్వే, ఆకు వంపు దగ్గరా కాడ మందం దగ్గరా ఎవరి చెయ్యి వాళ్ళది. పైది పుండరీకవల్లిదని కృపావతికి గుమ్మం దగ్గరనుంచే తెలిసింది. దాని కింద ఉన్నది కోడిని గీసిన పిల్లది. ఆమె గుండె నిండిపోయింది గానీ, ముఖంలో కనబడనివ్వలేదు.

ఆయన గది చాలా మురికిగా ఉందన్నాడు. నీలిమందు గోడలకు సున్నం కొట్టించాలన్నాడు. వారానికి నాలుగు గంటల్లో ఒక గంట సిలబస్సుకు, బల్ల మీద ఉన్నది ఉన్నట్టు గీయడానికే ఇవ్వాలన్నాడు. మిగిలిన మూడూ ఈ ఏడాదికి ఇట్లాగే నడవనిచ్చి, పరీక్షల తర్వాత మళ్ళీ చూస్తానన్నాడు.

"రెండు గంటలు సిలబస్సుకు ఇస్తే ఇంకా మంచిది" అని సర్దబోయాడు పార్థసారథి, ఆయనను మెప్పించాలని.

"ఒకటి చాలు సార్" అంది కృపావతి. ఇన్‌స్పెక్టరు ఒకటే రాశాడు.

డ్రాయింగ్ పరీక్షలకు పిల్లలను నంద్యాల తీసుకుపోయింది. ముగ్గురు తప్పారు. అందులో ఓబులమ్మ ఒకతె. పువ్వు బాగానే గీసి, ఆకు మీద పురుగును కూడా గీసిందట. ఫలితాలు వచ్చిన రోజు కృపావతి బాధ మింగుకుని వాళ్ళింటికి పోతే, ఓబులమ్మ వాళ్ళ నాయన పక్కన కూర్చుని రాయి చెక్కుతోంది.

"మళ్ళా రాస్తా టీచరమ్మా. పురుగును పెట్టనులే" అంది. నాయన ఆ మాట విని, "పెట్టుకో, పరీక్ష దిద్దే ఆయప్పకు ఇష్టం లేకుంటే ఆయప్పే పోనీ" అన్నాడు.

జూన్‌లో నంద్యాల మిషను బడినుంచి ఉత్తరం వచ్చింది. పాత ఉద్యోగం ఖాళీగా ఉందట, వస్తారా అని. ఉత్తరం వెనకనే ప్రభుదాసు కూడా వచ్చాడు. జ్వరం తగ్గినా మనిషి బాగా సన్నబడ్డాడు. కొట్టంలో పిల్లల పొట్టి బెంచీ మీద కూర్చుని, గోడవెంట ఆనించిన బండలను చూస్తూ అడిగాడు.

"ఇంటికి వచ్చేయమ్మా. ఒక్కదానివే ఈడ ఏందీ నీకు?"

"ఏడో తరగతే గదా నాయనా అయింది. ఇంకా ఆరో తరగతి ఉండాది, ఎనిమిదో తరగతి ఉండాది. పెద్దయ్యవారు ఈ ఏడాది ఆ రెండూ ఇస్తానన్నాడు."

"అవి ఎవరైనా చూసుకుంటారు."

"చూసుకోరు. బల్ల ఇటు తిప్పేస్తారు."

ప్రభుదాసుకు ఆ మాట అర్థం కాలేదు. అయినా కూతురి గొంతు అర్థమైంది. "అయితే నెలకొకసారి నేనే వస్తాలే. ఆ బస్సు నడిస్తే" అన్నాడు.

ఆయనను బస్సెక్కించి వచ్చేసరికి ఆరో తరగతి పిల్లలు తలుపు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. మట్టి కాపుగా పెట్టిన పిల్ల తొట్టిలో నీళ్ళు ఎక్కువ పోసి మట్టిని పలచన చేసేసింది, ఏడవబోతోంది. కృపావతి కొంగు దోపుకుని, ఇంకొంచెం పొడిమట్టి ఎక్కడుందో ఆ పిల్లకు చూపించి, పక్కన నిలబడింది.